ఓడిపోయినవాళ్ల బటన్‌కు అంత ధర ఎందుకు?

2022లో అమెరికాలో జరిగిన ఒక వేలంపాటలో ఒకటింపావు అంగుళం వెడల్పున్న ఎన్నికల ప్రచార బటన్, అంటే కోటుకు గుచ్చుకునే రేకు బిళ్ల ఒకటి, 1,85,000 డాలర్లు దాటి పలికింది. అప్పటి మారకంలో మన డబ్బు కోటిన్నరకు అటూ ఇటూ. దాని మీద ఇద్దరి ఫొటోలు ఉంటాయి. ఒకరు జేమ్స్ కాక్స్, ఇంకొకరు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. 1920లో డెమోక్రటిక్ పార్టీ తరఫున అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకు పోటీచేసిన జంట. వాళ్లు చిత్తుగా ఓడిపోయారు. అవతల వారెన్ హార్డింగ్‌కు 60 శాతం ఓట్లు పడితే వీళ్లకు 34 శాతమే పడ్డాయి.

ఇప్పుడు దీని పక్కన ఇంకో బటన్ పెట్టి చూడండి. 1896లో గెలిచి అధ్యక్షుడైన విలియం మెకిన్లీది. వయసులో ఇది ఇంకా పాతది, పైగా గెలిచినవాడిది. రంగులు కూడా ముచ్చటగా ఉంటాయి. అయినా మామూలు రకమైతే పదీ ఇరవై డాలర్లకు దొరుకుతుంది. ఇద్దరు హోటల్లో ఒక పూట తిన్నంత ఖర్చు కూడా కాదు.

ఈ బటన్లు పోగుచేయడం మొదలుపెట్టిన కొత్తలో నాకు ఒక లెక్క ఉండేది. పాతదైతే ధర ఎక్కువ, గొప్పవాడిదైతే ఇంకా ఎక్కువ అని. ఆ లెక్క ఎక్కడా కుదరలేదు. పోనీ ఓడినవాళ్లవే అరుదు అనుకుందామా అంటే, విలియం జెన్నింగ్స్ బ్రయన్ 1896, 1900, 1908లో మూడుసార్లు ఓడిపోయాడు, ఆయన బటన్లూ కుప్పలుగా దొరుకుతాయి. ఈ చిక్కుముడి విప్పాలంటే అసలు ఈ బటన్ ఎలా పుట్టిందో, ఎవరి డబ్బుతో పుట్టిందో తెలియాలి.

బటన్ అనగానే మనకు చొక్కా గుండీ గుర్తొస్తుంది. మొదట్లో ఇవి గుండీలే. 1789 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లో జార్జ్ వాషింగ్టన్ తొలి అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. ఆ సందర్భానికని ఇత్తడి, రాగి గుండీలు తయారయ్యాయి. నడుమ ఆయన పేరు పొడి అక్షరాలు, చుట్టూ ‘అధ్యక్షుడు చిరకాలం వర్ధిల్లాలి’ అన్న మాట. కొన్నిటి మీద 13 రాష్ట్రాలకు గుర్తుగా గొలుసుకట్టులో 13 కడియాలు. వెనక దారం దూర్చే కొక్కెం. జనం వాటిని కోట్లకు కుట్టించుకున్నారు. అవి ఓటు అడగడానికి చేసినవి కావు. వాషింగ్టన్‌కు పోటీయే లేదు. అది సంబరం. తర్వాత గుండీ పోయి పిన్ను వచ్చినా బటన్ అన్న పేరు మాత్రం నిలబడిపోయింది.

ఓటు అడిగే వస్తువులు 1820ల నుంచి కనబడతాయి. 1840లో విలియం హెన్రీ హారిసన్ ప్రచారంతో అవి వెల్లువెత్తాయి. ఆ ముసలాయనకు ఒక పీపా సైడర్, అంటే పులిసిన ఆపిల్ రసం ఇచ్చి చెక్క గుడిసెలో కూర్చోబెడితే చాలని వ్యతిరేకుల పత్రిక ఒకటి ఎద్దేవా చేసింది. హారిసన్ మనుషులు అదే గుడిసెను గుండీల మీద, పతకాల మీద అచ్చేసి ఊరూరా పంచారు. తిట్టిన మాటనే జెండాగా ఎత్తుకోవడం ప్రచారంలో అంత పాత విద్య.

1860కి వచ్చేసరికి ఫొటో వచ్చింది. పల్చటి ఇనప రేకు మీద నేరుగా ఫొటో తీసి, దాన్ని గుండ్రంగా కత్తిరించి, ఇత్తడి చట్రంలో బిగించేవాళ్లు. పైన చిన్న బెజ్జం వేసి రిబ్బను కట్టి కోటుకు తగిలించుకునేవాళ్లు. ఒకవైపు అబ్రహాం లింకన్, తిప్పితే ఆయన జతగా ఉపాధ్యక్ష పదవికి పోటీచేసిన హానిబల్ హామ్లిన్. ఊళ్లోకి ఎన్నడూ రాని మనిషి ముఖాన్ని ఓటరు అరచేతిలో చూసుకోవడం అమెరికాలో అప్పుడే మొదలు. అందులో లింకన్‌కు గడ్డం ఉండదు. ఆయన గడ్డం పెంచింది ఎన్నికలు అయిపోతుండగా, పదకొండేళ్ల పిల్ల ఒకతె ‘గడ్డం పెంచితే మీకు బాగుంటుంది’ అని ఉత్తరం రాశాక. అందుకే ఎవరైనా గడ్డం ఉన్న లింకన్‌ను చూపించి ‘1860 ప్రచారానిదండీ’ అంటే కొనకూడదు. అది 1864దో, ఆ తర్వాతదో అయి ఉండాలి.

ఇక్కడి నుంచి కథ న్యూజెర్సీకి వస్తుంది. ఈ రాష్ట్రంలో ఉండే మన తెలుగువాళ్లకు న్యూవార్క్ అంటే విమానాశ్రయం. అమ్మానాన్నలను ఇంటికి తెచ్చుకోవడానికి, ఆరు నెలలయ్యాక కళ్లనీళ్లతో సాగనంపడానికి వెళ్లే ఊరు. నేనూ ఎన్నోసార్లు అలాగే వెళ్లొచ్చాను. ఇవాళ మనం చూసే ప్రచార బటన్ పుట్టింది ఆ ఊళ్లోనే అని తెలిసినప్పుడు నిజంగా ఆశ్చర్యపోయాను. వైట్‌హెడ్ అండ్ హోగ్ అని 1892లో ఇద్దరు స్నేహితులు పెట్టిన కంపెనీ అది. బోస్టన్‌కు చెందిన అమాండా లూజీ అనే ఆమె తీసుకున్న పేటెంట్‌ను కొనుక్కుని, దానికి తమ మెరుగులు దిద్ది, 1896 జూలై 21న ఇంకో పేటెంట్ సంపాదించారు. ఆ ఏడాది నవంబర్‌లోనే ఎన్నికలు.

వాళ్లు చేసిన పని చేత్తో పట్టుకుని చూస్తే తెలుస్తుంది. అడుగున రేకు చిప్ప. దాని మీద రంగుల్లో అచ్చేసిన గుండ్రటి కాగితం. కాగితం మీద సెల్యులాయిడ్ పొర, పాత సినిమా రీళ్లు చేసిన పదార్థమే, అద్దంలా అవతలిది కనబడుతుంది. మూడింటినీ కలిపి ప్రెస్సులో నొక్కితే అంచులు వెనక్కి మడుచుకుంటాయి. వెనక నుంచి రేకు కడియం ఒకటి వాటిని బిగించి పడుతుంది. ఆ కడియంలో స్ప్రింగులా వంచిన తీగ, దాని కొనే పిన్ను. వెనక గుంటలో కంపెనీ పేరు, పేటెంట్ తేదీలు అచ్చేసిన చిన్న కాగితం. పాత బటన్ చేతికొస్తే పోగుచేసేవాళ్లెవరూ ముందు ముఖం చూడరు, తిప్పి ఆ కాగితం చూస్తారు. ఫొటో ఉన్న పతకం చేయడం కంటే ఇది చాలా చవక, చాలా తొందర. లక్షల్లో చేయొచ్చు.

అంత చవకైన వస్తువుకు ఆ ఏడాది అంత వేడి ఉన్న తగువు దొరికింది. పంటల ధరలు పడిపోయి రైతులు అప్పుల్లో ఉన్నారు. డబ్బు బంగారంతో ముడిపడి ఉండటంతో చలామణీ బిగుసుకుపోయింది. 16 ఔన్సుల వెండిని 1 ఔన్సు బంగారంతో సమానంగా లెక్కగట్టి వెండి నాణేలు విరివిగా ముద్రించాలని బ్రయన్ వాదన. డబ్బు పెరిగితే అప్పు బరువు తగ్గుతుంది. అలా చేస్తే డాలర్ పరువు పోతుందని మెకిన్లీ వైపు వాళ్ల వాదన. ఆర్థికశాస్త్రంలో తలలు పండినవాళ్లు కొట్టుకునే సంగతిని బటన్లు సామాన్యుడి కోటు మీదికి తెచ్చాయి. బ్రయన్ వైపు బటన్లలో ఒక గడియారం బొమ్మ ఉంటుంది, ముళ్లు ఒంటిగంటకు పదహారు నిమిషాలు తక్కువ చూపిస్తుంటాయి. పదహారుకు ఒకటి. మెకిన్లీ వాళ్లు బంగారు రంగు పురుగు ఆకారంలో పిన్నులు చేశారు. నొక్కితే రెక్కలు విచ్చుకుని, లోపల మెకిన్లీ, ఆయన జతగాడు హోబార్ట్ ముఖాలు కనబడతాయి.

మెకిన్లీ ప్రచారం నడిపిన మార్క్ హన్నా పెద్ద వ్యాపారుల దగ్గర 35 లక్షల డాలర్లదాకా వసూలు చేశాడని లెక్క. బ్రయన్ దగ్గర ఉన్నది అందులో చిన్న వంతే. మెకిన్లీ ఊళ్లు తిరగలేదు. ఒహాయోలోని కాంటన్‌లో తన ఇంటి అరుగు మీద నిలబడి మాట్లాడేవాడు, రైళ్లు జనాన్ని అక్కడికే మోసుకొచ్చేవి. 7.5 లక్షల మంది వచ్చారని అంచనా. పార్టీలు ఇచ్చినవి చాలవన్నట్టు సిగరెట్ కంపెనీలు, చూయింగ్ గమ్ కంపెనీలు కూడా అభ్యర్థుల బటన్లు పంచాయి. పిల్లలు ఇద్దరివీ పోగుచేసుకున్నారు. దాంతో ఓడిన బ్రయన్‌వీ, గెలిచిన మెకిన్లీవీ రెండూ ఇంటింటి సొరుగుల్లో మిగిలిపోయాయి. చవక కావడానికి కారణం అదే. గెలుపోటములతో దీనికి సంబంధం లేదు. ఎన్ని చేశారు, ఎన్ని మిగిలాయి అన్నదే లెక్క.

మరి కాక్స్, రూజ్‌వెల్ట్ సంగతి? డెమోక్రాట్ అధ్యక్షుడు విల్సన్ ఎనిమిదేళ్ల పాలన, మొదటి ప్రపంచ యుద్ధం, ధరలు, వీటన్నిటితో జనం విసిగిపోయి ఉన్నారు. డెమోక్రాట్లు గెలుస్తారని పెద్దగా ఎవరూ అనుకోలేదు. గెలవని గుర్రం మీద డబ్బు పెట్టేవాళ్లుండరు కదా. ఉన్న కాస్త డబ్బుతో పేర్లు మాత్రమే ఉన్న చిన్న బటన్లు చేయించారు. ఇద్దరి ఫొటోలతో చేసినవి కొద్దిపాటివే. ఆ పేర్ల బటన్లు ఇవాళ కూడా కొనగలిగిన ధరలోనే దొరుకుతాయి. కోటి పలికేది ఇద్దరి బొమ్మలూ ఉన్నదే. దాన్ని ఇక్కడివాళ్లు జ్యూగేట్ అంటారు.

కానీ తక్కువ ఉన్నంత మాత్రాన ధర రాదు. ఊరి పంచాయితీకి పోటీచేసినవాళ్ల బటన్లు ఇంకా తక్కువ ఉంటాయి, అడిగేవాళ్లు లేరు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. చాలామంది పాతకాపులు 1896 నుంచి ప్రతి ఎన్నికకూ ఒక జంట బొమ్మల బటన్ చొప్పున వరస పేరుస్తారు. గెలిచినవాళ్లది ఒకటి, ఓడినవాళ్లది ఒకటి. వరస చాలావరకు నిండుతుంది, 1920 దగ్గర ఒక ఖాళీ మిగిలిపోతుంది. ఆ ఖాళీ నింపడానికి ఆస్తి ఉన్నవాళ్లు పోటీపడతారు. దానికి తోడు, అప్పుడు 38 ఏళ్ల ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఓడిన కుర్రాడు ఆ మరుసటేడే పోలియో బారినపడి, తర్వాత నాలుగుసార్లు అధ్యక్షుడయ్యాడు. 1920లో ఆ బటన్ చేసినవాళ్లకు ఆ సంగతి తెలిసే వీల్లేదు.

ఇదే లెక్కను తిరగేస్తే 1972 అర్థమవుతుంది. డెమోక్రాట్ల అభ్యర్థి జార్జ్ మెక్‌గవర్న్ తన జతగా థామస్ ఈగల్టన్‌ను ఎంచుకున్నాడు. డిప్రెషన్‌కు ఆసుపత్రిలో షాక్ చికిత్స తీసుకున్నాడన్న సంగతి బయటపడటంతో ఈగల్టన్ 18 రోజులకే తప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పటికీ నాకు బాధ కలిగించే ఘట్టం అది. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోవడమే ఆయన తప్పయిపోయింది. పద్దెనిమిది రోజుల జంట, ఇక బటన్లు బంగారమే అనుకుని జనం ఎగబడి దాచుకున్నారు. అందరూ దాచుకున్నారు కాబట్టే అవి ఈనాటికీ చవకగానే దొరుకుతాయి. 2024 జూలై 21న జో బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నప్పుడు కూడా ఆయన పేరున్న బటన్లకు అలాగే గిరాకీ వచ్చింది. జూలై 21, బటన్ పేటెంట్ తేదీ. ఆ రోజు నాకు వెంటనే తట్టింది అదే. ఆ బటన్ల ధర కూడా ఈగల్టన్ దారే పడుతుందని నా నమ్మకం.

ఇక నకిలీల సంగతి. నేను కొన్న మొదటి మెకిన్లీ బటన్ అసలుది కాదు. పాత సామాన్ల సంతలో ఒక పెద్దాయన బల్ల మీద కనబడింది. మెరిసిపోతోంది. ‘మా తాతగారిది’ అన్నాడు. నలభై డాలర్లు పెట్టి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి భూతద్దం కింద పెడితే సెల్యులాయిడ్ పొర లేదు, కాగితం లేదు, బొమ్మ నేరుగా రేకు మీద అచ్చయి ఉంది. వెనక్కి మడిచిన అంచు మీద చిన్న అక్షరాలు, వాటి పక్కన 1972 అన్న సంవత్సరం. ఆ ఏడు ఒక పెట్రోల్ బంకుల కంపెనీ ప్రచారం కోసం పాత బటన్ల నకళ్లు వేలకొద్దీ చేయించింది. అంతకు ముందు 1968లో టిష్యూ కాగితాల కంపెనీ ఒకటి ఇదే పని చేసింది. వాళ్లు మోసం చేయలేదు, అంచు మీద సంవత్సరం వేశారు. చూసుకోకుండా కొన్నది నేను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, డబ్బు పోయినందుకు కాదు, ఆ తాతగారి మాట నమ్మినందుకు.

అప్పుడు నేర్చుకున్నది చెబుతాను. రేకు మీద నేరుగా రంగు అచ్చేసే పద్ధతిని లిథో అంటారు. అది బటన్లకు వచ్చింది 1916, 1920 ప్రాంతంలో. కాబట్టి మెకిన్లీ కానీ, బ్రయన్ కానీ, థియోడర్ రూజ్‌వెల్ట్ 1904 ప్రచారం కానీ, లిథోలో కనబడితే అది నకలే. అసలుదైతే సెల్యులాయిడ్ పొర మీద గోరు ఆనిస్తే కాస్త మెత్తగా తగులుతుంది, ఏటవాలు వెలుగులో పొర అంచు దగ్గర మడత కనబడుతుంది. చెమ్మ తగిలిన చోట కాగితం మీద గోధుమ రంగు మచ్చలుంటాయి. వాటిని తుడవాలని తడిగుడ్డ పెట్టారో, నీళ్లు అంచులోంచి లోపలికి దిగి బటన్ పాడైపోతుంది. ఎండలో పెట్టకూడదు, గాలి ఆడని ప్లాస్టిక్ సంచీలో మూయకూడదు. దూది పరిచిన అద్దం మూత పెట్టెలో పెట్టుకుంటారు ఇక్కడివాళ్లు.

నకళ్ల బెడద పెరిగి 1973లో హాబీ ప్రొటెక్షన్ యాక్ట్ అని చట్టమే వచ్చింది. పాత రాజకీయ వస్తువుకు నకలు చేస్తే, అది తయారైన సంవత్సరం చెరిగిపోకుండా దాని మీద వేయాలి. దొంగబుద్ధి ఉన్నవాడు ఆ అంచును ఆకురాయితో గీకేస్తాడు. అందుకే అంచు మీద గీతలుంటే బేరం ఆపేయాలి. ఇంకో రకం ఉంది, ఇది మరీ ప్రమాదం. అసలు ఆ కాలంలో లేనే లేని బొమ్మను కొత్తగా ఊహించి, పాతదని అమ్మడం. నకలైతే అసలుతో పోల్చి పట్టుకోవచ్చు. అసలే లేనిదాన్ని దేనితో పోలుస్తాం? అలాంటప్పుడు ఇరవై ముప్పై ఏళ్లుగా ఇవే చూస్తున్నవాళ్లను అడగడం తప్ప దారి లేదు. అమెరికన్ పొలిటికల్ ఐటమ్స్ కలెక్టర్స్ అని 1945 నుంచి ఒక సంఘం ఉంది. వాళ్ల ప్రదర్శనల్లో ఏ బల్ల దగ్గర నిలబడి అడిగినా ఓపిగ్గా చెబుతారు.

ధరల గొడవ ఇక్కడితో వదిలేస్తాను. నన్ను ఈ పనిలో పట్టి ఉంచింది ధర కాదు, బటన్ల మీద దొరికే పాత మాటలు. 1940లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మూడోసారి నిలబడినప్పుడు ఆయన మీద పోటీచేసిన రిపబ్లికన్ వెండెల్ విల్కీ వైపు వాళ్లు ‘మూడోసారి వద్దు’ అని బటన్లు వేశారు. అంతటితో ఆగకుండా ఆయన భార్య మీద ‘మాకు ఎలినార్ కూడా వద్దు’ అని వేశారు. అటు నుంచి ‘మూడో రకం మనిషి కంటే మూడోసారి మనిషే నయం’ అని జవాబు వచ్చింది. రూజ్‌వెల్ట్ గెలిచాడు. కానీ ఆ మొదటి బటన్ మీది మాట 1951లో రాజ్యాంగ సవరణగా మారింది. ఎవరూ రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నిక కాకూడదని.

అన్నిటికంటే నన్ను కుదిపేసిన బటన్ ఇంకొకటి. 1901లో మెకిన్లీ హత్యకు గురై, థియోడర్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడయ్యాడు. నెల గడిచిందో లేదో, అక్టోబర్ 16 రాత్రి బుకర్ టి. వాషింగ్టన్‌ను వైట్‌హౌస్‌కు భోజనానికి పిలిచాడు. బానిసగా పుట్టి, అలబామాలో టస్కీగీ విద్యాలయాన్ని నిలబెట్టిన నల్లజాతి నాయకుడు ఆయన. సహపంక్తి భోజనం అన్న మాటకు ఎంత బరువుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దక్షిణాది పత్రికలు భగ్గుమన్నాయి. కొన్నాళ్లకు ఒక బటన్ వచ్చింది. బల్లకు అటూ ఇటూ ఇద్దరూ కూర్చుని ఉంటారు, ‘సమానత్వం’ అని ఒక్క మాట రాసి ఉంటుంది. అభిమానులు దాన్ని గర్వంగా పెట్టుకున్నారు. వ్యతిరేకులు తెల్ల ఓటర్లను రెచ్చగొట్టడానికి అదే బొమ్మను కొద్దిగా మార్చి, వాషింగ్టన్ ముఖాన్ని ఇంకా నల్లగా చేసి వాడారు. నేను వీటిలో ఒకదాన్ని అద్దం వెనక చూశాను. బల్ల మీది గుడ్డ మడతలు కూడా కనబడేంత శ్రద్ధగా గీశారు. దాన్ని పెట్టుకున్న మనిషి ప్రేమతో పెట్టుకున్నాడా, ద్వేషంతోనా? ఆ బటన్ ఎంతసేపు చూసినా చెప్పదు. అదే ఒక్క మాట, దాదాపు అదే బొమ్మ.

మళ్లీ 1920కి వద్దాం. కాక్స్ జంట ఓడిన ఎన్నికలోనే ఇంకో అభ్యర్థి ఉన్నాడు. సోషలిస్టు యూజీన్ డెబ్స్. మెకిన్లీ అరుగు ఉన్న ఆ కాంటన్‌లోనే 1918లో యుద్ధానికి వ్యతిరేకంగా ప్రసంగించినందుకు పదేళ్ల శిక్ష పడి, అట్లాంటా జైల్లో ఉన్నాడు. జైల్లో నుంచే అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. ఆయన బటన్ మీద ‘అధ్యక్షుడిగా ఖైదీ నంబర్ 9653’ అని ఉంటుంది. 9 లక్షల పైచిలుకు ఓట్లు వచ్చాయి. గెలిచిన హార్డింగ్ 1921 క్రిస్మస్‌కు ఆయన్ని విడుదల చేయించాడు.

ఒక ప్రదర్శనలో ఆ బటన్ నా అరచేతిలో పెట్టారు. చిన్నది, ముందు వైపు పొర మీద సన్నటి పగుళ్లు. తిప్పి చూశాను. పిన్ను ఒక పక్కకు వంగిపోయి ఉంది, కొన దగ్గర తుప్పు. వామపక్షవాదులని వేల మందిని అరెస్టు చేస్తున్న రోజుల్లో ఎవరో దాన్ని కోటుకు గుచ్చుకుని వీధిలోకి వెళ్లారు. ఒక్కసారి కాదు, పిన్ను వంగేన్నిసార్లు.